టీవీ ప్రసారానికి 5.1 మిక్స్, లౌడ్‌నెస్: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టీరియో పని నుంచో, సినిమా మిక్సింగ్ నుంచో టీవీ సరౌండ్‌కు (5.1, అంటే ముందు లెఫ్ట్, సెంటర్, రైట్, వెనక రెండు సరౌండ్‌లు, వీటికి తోడు బాస్ కోసం ఎల్‌ఎఫ్‌ఈ అనే ఛానల్) వచ్చినవాళ్లు అడిగే సందేహాలు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. అడిగిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి చెప్పడం కంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. పని జరిగే వరుసలో ప్రశ్నలను పేర్చాను. మీకు కావలసిన చోటుకే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నా పక్షపాతం కూడా ముందే చెప్పేస్తాను: మీటర్‌లో అంకె సరిపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు, చూసేవాడికి మాట అర్థం కావాలి. కింది జవాబుల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ పట్టింపే.

## మొదలుపెట్టే ముందు

పీక్ దాటకపోతే చాలు కదా? ఈ లౌడ్‌నెస్ గొడవ ఎందుకొచ్చింది?

సిగ్నల్ ఒక క్షణంలో ఎంత ఎత్తుకు వెళ్లిందో పీక్ చెబుతుంది. అది చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో, అంటే లౌడ్‌నెస్ ఎంతో, చెప్పదు. ఒకప్పుడు ప్రసార నియమాలన్నీ పీక్ మీదే నడిచేవి. దాంతో ప్రకటనలు చేసేవాళ్లు హద్దు దాటకుండానే ధ్వనిని బాగా నొక్కేసి, మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా హద్దు అంచునే నడిపేవారు. సీరియల్ మెల్లగా సాగుతుంటుంది, ప్రకటన రాగానే ఇల్లు దద్దరిల్లుతుంది. కొలిచే పద్ధతి మారితే తప్ప ఇది ఆగదని అందరికీ అర్థమైంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో బీఎస్.1770 అనే కొలత పద్ధతిని ఇచ్చింది. దాని ఆధారంగా యూరప్ ప్రసార సంస్థల సంఘం ఈబీయూ 2010లో ఆర్128 తెచ్చింది. అమెరికాలో ప్రకటనల మోతను కట్టడి చేసే కామ్ చట్టం మీద 2010 డిసెంబర్‌లో సంతకం అయింది, నిబంధనలు 2012 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చాయి.

టార్గెట్ ఎంత పెట్టుకోవాలి? ఒకరు -23 అంటారు, ఒకరు -24, ఇంకొకరు -27.

ముగ్గురూ చెప్పింది నిజమే, కాకపోతే ఎవరి లెక్క వారిది. ఈబీయూ ఆర్128 ప్రకారం మొత్తం కార్యక్రమం -23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (లౌడ్‌నెస్ కొలిచే యూనిట్) ఉండాలి, ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య ఎత్తును కూడా కలిపి చూసే పీక్) -1 డీబీటీపీ దాటకూడదు, లైవ్‌కు అటూ ఇటూ 1 ఎల్‌యూ సడలింపు ఉంది. అమెరికా టీవీ ప్రమాణాల సంస్థ ఏటీఎస్‌సీ ఇచ్చిన ఏ/85 పద్ధతిలో -24 ఎల్‌కేఎఫ్‌ఎస్, పీక్ -2. జపాన్, ఆస్ట్రేలియా కూడా -24 వైపే ఉన్నాయి. -27 అనేది నెట్‌ఫ్లిక్స్ అడిగే అంకె. అక్కడ కొలిచేది డైలాగ్‌ను మాత్రమే, మొత్తం మిక్స్‌ను కాదు. అందుకని దాన్ని -23 పక్కన పెట్టి "4 తక్కువ" అనుకోవడం తప్పు లెక్క. పని ఎవరికి ఇస్తున్నారో వాళ్ల డెలివరీ స్పెక్ (షరతుల) కాగితం తెప్పించుకోండి, చివరి మాట దానిదే.

ఎల్‌యూఎఫ్‌ఎస్, ఎల్‌కేఎఫ్‌ఎస్ వేరువేరా?

ఒకటే. మొదటి పేరు ఈబీయూ వాడుక, రెండోది ఐటీయూ, ఏటీఎస్‌సీ వాడుక. 1 ఎల్‌యూ అంటే 1 డీబీ.

మాది సినిమా మిక్సింగ్ గది. అక్కడ చేసిన 5.1 టీవీలో వింటే వెనక చప్పుడు ఎక్కువగా ఉంది. ఎందుకు?

సినిమా థియేటర్ పద్ధతిలో సరౌండ్ స్పీకర్లను ముందు స్పీకర్ల కంటే 3 డీబీ తగ్గించి క్యాలిబ్రేట్ చేస్తారు. ముందువి 85 అయితే వెనకవి 82. ఇంటి పద్ధతిలో అయిదు స్పీకర్లూ సమానం. ఆ తేడా తెలియకుండా మీరు ఫేడర్ మీద సరౌండ్‌ను 3 డీబీ ఎక్కించి ఉంటారు, ఆ 3 డీబీ ఇంట్లో అదనంగా వినపడుతోంది. టీవీ పనికి అయిదింటినీ సమానంగా సరిచేసుకోండి.

వినే మట్టం కూడా మారాలి. 85 డీబీ పెద్ద హాలుకు సరిపోయే అంకె. ఏ/85 సూచనలో గది పరిమాణాన్ని బట్టి ఇది తగ్గుతూ వస్తుంది, మరీ చిన్న గదికి 76 డీబీ దాకా. చిన్న గదిలో 85 పెట్టుకుని మిక్స్ చేస్తే అంతా గట్టిగా వినపడి, మెల్లని మాటలను ఇంకా మెల్లగా వదిలేస్తారు. స్పీకర్ల స్థానాలకు ఐటీయూ బీఎస్.775 చూడండి: సెంటర్ ఎదురుగా, లెఫ్ట్ రైట్ 30 డిగ్రీల్లో, సరౌండ్‌లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య. సరౌండ్‌లను పూర్తిగా వీపు వెనక పెట్టడం మామూలుగా కనిపించే పొరపాటు.

వీటితో పాటు ఒక మామూలు టీవీని కూడా గదిలో పెట్టుకోండి. ఖరీదైన మానిటర్లు దాచే లోపాలను అది బయటపెడుతుంది.

## మిక్స్ చేస్తున్నప్పుడు

డైలాగ్ సెంటర్‌లోనే ఉండాలా? లెఫ్ట్ రైట్‌లోకి కాస్త పంచితే నిండుగా ఉంటుంది కదా?

మీ గదిలో నిండుగానే ఉంటుంది. స్టీరియో టీవీలో ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. డైలాగ్ సెంటర్‌లో పూర్తి మట్టంలో ఉంది, అదే డైలాగ్‌ను లెఫ్ట్ రైట్‌లో 6 డీబీ తక్కువగా పెట్టారనుకోండి. 5.1లో మీటర్ సుమారు 1.8 డీబీ మాత్రమే పెరుగుతుంది. డౌన్‌మిక్స్‌లో (5.1ను స్టీరియోకు కుదించినప్పుడు) మాత్రం సెంటర్ 3 డీబీ తగ్గి లెఫ్ట్‌లోకి, రైట్‌లోకి చేరుతుంది, అక్కడ అప్పటికే ఉన్న అదే మాటతో నేరుగా కలుస్తుంది. ఫలితం దాదాపు 4.6 డీబీ పెరుగుదల. అంటే 5.1 వినేవాడికీ స్టీరియో వినేవాడికీ డైలాగ్ బ్యాలెన్స్ వేరైపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సోఫాలో ఓ పక్కకు కూర్చున్నవాడికి ఒకే మాట మూడు స్పీకర్ల నుంచి మూడు వేర్వేరు సమయాల్లో చేరి పల్చబడుతుంది. నేనైతే డైలాగ్‌ను సెంటర్ దాటనివ్వను. ఆ గది ప్రతిధ్వనిని మాత్రం లెఫ్ట్ రైట్‌లోకి, కొంచెం వెనక్కి పంపితే మీరు కోరుకునే నిండుదనం వస్తుంది.

ఎల్‌ఎఫ్‌ఈలో ఏమేం పెట్టాలి? ఖాళీగా ఉంటే రిజెక్ట్ చేస్తారా?

ఖాళీగా ఉండటం తప్పేమీ కాదు. స్పెక్‌లో ప్రత్యేకంగా అడిగితే తప్ప, చర్చా కార్యక్రమానికి ఎల్‌ఎఫ్‌ఈతో పనే లేదు. అది 120 హెర్ట్జ్ వరకే ఉండే అదనపు ఎఫెక్ట్స్ ఛానల్. ప్లేబ్యాక్‌లో మిగతా ఛానళ్ల కంటే 10 డీబీ ఎక్కువగా మోగుతుంది. సబ్‌వూఫర్, ఎల్‌ఎఫ్‌ఈ ఒకటే అనుకోవద్దు. ఇంట్లో చిన్న స్పీకర్లు మోయలేని బాస్‌ను కూడా రిసీవర్ సబ్‌వూఫర్‌కే పంపుతుంది. డౌన్‌మిక్స్‌లో ఎల్‌ఎఫ్‌ఈని సాధారణంగా వదిలేస్తారు, కాబట్టి కథకు అవసరమైన ఏ చప్పుడూ అందులో మాత్రమే ఉండకూడదు. పేలుడు మొత్తం ఎల్‌ఎఫ్‌ఈలో పెడితే స్టీరియో టీవీలో అది తలుపు వేసిన చప్పుడై మిగులుతుంది.

లౌడ్‌నెస్ మీటర్ ఎల్‌ఎఫ్‌ఈని లెక్కలోకి తీసుకోదు. మీటర్‌కు దొరకదు కదా అని బాస్ అంతా అక్కడ కుమ్మరించే తెలివి కొందరు చూపిస్తారు. సబ్‌వూఫర్ ఉన్న ఇళ్లవాళ్లు తిట్టుకునేది వాళ్లనే.

సరౌండ్ ఛానళ్లు ఎంత వాడొచ్చు?

పరిసరాల ధ్వనికి, జనం చప్పట్లకు, సంగీతం ప్రతిధ్వనికి ధారాళంగా వాడండి. మీటర్‌లో ఈ రెండు ఛానళ్లకు 1.5 డీబీ ఎక్కువ బరువు ఇస్తారని గుర్తుంచుకోండి. పక్క నుంచి వచ్చే శబ్దం మన చెవికి కాస్త ఎక్కువగా వినిపిస్తుంది, అందుకే ఆ బరువు. ముందు ఛానళ్ల ధ్వనినే కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి వెనక పెట్టే పద్ధతిని మానేయండి. డౌన్‌మిక్స్‌లో రెండూ కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు చచ్చిపోయి, ధ్వని గొట్టంలోంచి వస్తున్నట్టు తయారవుతుంది.

మ్యూజిక్ స్టీరియోలోనే ఇచ్చారు. అప్‌మిక్స్ (స్టీరియోను 5.1కు విస్తరించే) ప్లగిన్ వేయొచ్చా?

వేయొచ్చు. ఒక పరీక్ష పెట్టండి: అప్‌మిక్స్ చేసినదాన్ని మళ్లీ స్టీరియోకు డౌన్‌మిక్స్ చేసి, అసలు ట్రాక్‌తో మార్చి మార్చి వినండి. రెండూ దగ్గరగా ఉంటే ఆ ప్లగిన్‌ను నమ్మొచ్చు. పాట ఉన్న మ్యూజిక్ అయితే ప్లగిన్ గాత్రాన్ని లాగి సెంటర్‌లో పడేస్తుంది, అక్కడ డైలాగ్‌తో తగవు మొదలవుతుంది. డైలాగ్ కింద నడిచే పాటకు సెంటర్ పాలు బాగా తగ్గించండి.

ఎల్‌ఆర్‌ఏ (లౌడ్‌నెస్ రేంజ్) ఎంత ఉంటే మంచిది?

ముందు అది ఏం కొలుస్తుందో చూద్దాం. 3 సెకన్ల కిటికీతో లౌడ్‌నెస్‌ను కొలుస్తూ పోయి, మరీ మెల్లని భాగాలను వదిలేసి, మిగిలినవాటిలో 10వ పర్సంటైల్‌కూ 95వ పర్సంటైల్‌కూ మధ్య దూరాన్ని ఎల్‌యూలో చెబుతుంది. థియేటర్ కోసం చేసిన సినిమాలో ఇది 20 దాటడం మామూలే. ఇంట్లో ఫ్యాన్ చప్పుడు, వంటింటి చప్పుడు ఉంటాయి కదా. డ్రామాకు 15 లోపు ఉంటే నాకు హాయిగా అనిపిస్తుంది, కబుర్ల కార్యక్రమానికి అందులో సగం కూడా ఎక్కువే. ఇవి నా అభిరుచి అంకెలు, మీ ఛానల్ స్పెక్‌లో వేరే హద్దు ఉంటే దాన్నే పాటించండి.

తగ్గించాల్సి వస్తే మొత్తం మిక్స్ మీద కంప్రెసర్ వేయకండి, పేలుడు వచ్చినప్పుడల్లా డైలాగ్ కూడా కిందికి కుంగిపోతుంది. డైలాగ్, మ్యూజిక్, ఎఫెక్ట్స్ స్టెమ్‌లు (విడివిడి ట్రాకులు) తెప్పించుకుని, గుసగుసలను చేత్తో పైకి లేపి, ఎఫెక్ట్స్‌ను చేత్తో కిందికి దించండి. టైమ్ పడుతుంది, నిజమే. 30 సెకన్ల ప్రకటనకు మాత్రం ఎల్‌ఆర్‌ఏ చూడటమే దండగ, అంత చిన్న నిడివిలో ఆ అంకెకు అర్థం ఉండదు.

## కొలిచేటప్పుడు

లౌడ్‌నెస్ మీటర్ లోపల అసలు ఏం చేస్తుంది?

ప్రతి ఛానల్‌నూ కె-వెయిటింగ్ ఫిల్టర్ గుండా పంపుతుంది. అది బాగా కింది బాస్‌ను కోసేసి, పై ఫ్రీక్వెన్సీలను సుమారు 4 డీబీ పెంచుతుంది. తర్వాత ప్రతి ఛానల్ పవర్ సగటు తీసి, సరౌండ్‌లను 1.41తో గుణించి, ఎల్‌ఎఫ్‌ఈని పక్కన పెట్టి, అన్నిటినీ కూడుతుంది. ఆ మొత్తాన్ని డీబీలోకి మారిస్తే మీ అంకె వస్తుంది.

మీ మీటర్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఈబీయూ ఇచ్చిన పరీక్ష ఒకటుంది. 1000 హెర్ట్జ్ టోన్‌ను లెఫ్ట్ రైట్‌లో -28, సెంటర్‌లో -24, సరౌండ్‌లలో -30 డీబీఎఫ్‌ఎస్ (డిజిటల్ గరిష్ఠాన్ని 0గా తీసుకుని కొలిచే డీబీ) దగ్గర పెట్టండి. మీటర్ -23 చూపాలి. అలా చూపకపోతే ఛానల్ కనెక్షన్ ఎక్కడో తప్పింది, చాలాసార్లు సెంటర్, ఎల్‌ఎఫ్‌ఈ తారుమారై ఉంటాయి.

గేటింగ్ అంటే ఏంటి?

నిశ్శబ్దాన్ని సగటులోంచి తీసేయడం. మీటర్ ధ్వనిని 400 మిల్లీసెకన్ల ముక్కలుగా, ఒకదానిపై ఒకటి 75 శాతం పరుచుకునేలా కోస్తుంది. -70 కంటే తక్కువ ఉన్నవి మొదటే పోతాయి. మిగిలినవాటి సగటు తీసి, దానికంటే 10 ఎల్‌యూ కింద ఉన్నవాటిని కూడా తీసేసి, చివరి అంకె ఇస్తుంది. ఇది లేకపోతే ఒక డ్రామాలో పొడుగాటి నిశ్శబ్దాలు సగటును కిందికి లాగుతాయి, ఆ సందు చూసుకుని మిగతా సీన్లను ఎంతైనా గట్టిగా పెట్టుకోవచ్చు. ఈబీయూ మొదట 8 ఎల్‌యూ గేటు వాడింది. 2011లో ఐటీయూ 10 ఖరారు చేశాక అందరూ దానికే వచ్చారు. పాత ప్లగిన్‌లో కొలిస్తే అంకె కాస్త తేడా వస్తోందంటే గేటు లేని పాత వెర్షన్ ఏమో చూడండి.

మొమెంటరీ, షార్ట్ టర్మ్, ఇంటిగ్రేటెడ్: ఏది చూస్తూ పనిచేయాలి?

మిక్స్ చేస్తున్నప్పుడు 3 సెకన్ల షార్ట్ టర్మ్. 400 మిల్లీసెకన్ల మొమెంటరీ మరీ గంతులేస్తుంది, దాన్ని చూస్తూ ఉంటే టెన్షన్ తప్ప ఉపయోగం లేదు. ఇంటిగ్రేటెడ్ మొత్తం అయ్యాక చూసుకునే లెక్క. మామూలు డైలాగ్ షార్ట్ టర్మ్‌లో టార్గెట్ దగ్గర తిరుగుతూ ఉంటే చివరి అంకె దానంతటదే దారికి వస్తుంది. చిన్న ప్రకటనలకు ఆర్128 అనుబంధం ఒక అదనపు షరతు పెట్టింది: షార్ట్ టర్మ్ ఎక్కడా -18 ఎల్‌యూఎఫ్‌ఎస్ దాటకూడదు.

మీటర్‌లో కరెక్ట్‌గా -23 ఉంది. అయినా మాటలు వినపడట్లేదని కంప్లయింట్లు. ఎలా?

ఇంటిగ్రేటెడ్ అంకెలో అన్నీ కలిసి ఉంటాయి. యాక్షన్, పాటలు ఎక్కువున్న ఎపిసోడ్‌లో ఆ -23ను మోసేది ఎఫెక్ట్స్, మ్యూజిక్. డైలాగ్ -29 దగ్గరెక్కడో పడి ఉన్నా మీటర్ నోరు విప్పదు. డైలాగ్ స్టెమ్ ఒక్కదాన్నే కొలవండి. మొత్తం కార్యక్రమం అంకెకూ దానికీ మధ్య 4, 5 ఎల్‌యూ కంటే ఎక్కువ తేడా కనిపిస్తే ఆ మిక్స్‌ను మళ్లీ తెరవాలని నా అభిప్రాయం. ఏ/85 కూడా ఊరికే మొత్తాన్ని కొలవమనదు. ప్రేక్షకుడు వాల్యూమ్ పెట్టుకునేది దేన్ని బట్టో, అంటే చాలావరకు డైలాగ్‌ను బట్టే, దాన్ని యాంకర్‌గా తీసుకోమంటుంది.

కొలతకు అందని కారణం ఇంకొకటి ఉంది. ఆ డైలాగ్‌ను మీరు ఎడిట్‌లో, ఫోలీలో (అడుగుల చప్పుడు లాంటివి విడిగా రికార్డు చేసే పని), మిక్స్‌లో లెక్కలేనన్నిసార్లు విన్నారు. సగం మాట వినపడితే మిగతా సగం మీ బుర్రే నింపేస్తుంది. దర్శకుడిదీ అదే పరిస్థితి, పైగా స్క్రిప్ట్ ఆయనకు కంఠతా వచ్చు. సీన్ ఎప్పుడూ చూడని ఒక మనిషిని పిలిచి, చిన్న టీవీ మీద, మామూలు వాల్యూమ్‌లో చూపించి, "ఇప్పుడు ఆవిడ ఏమంది?" అని అడగండి. తడబడితే డైలాగ్ పెంచండి, లేదా దాని చుట్టూ ఉన్న మ్యూజిక్‌లో 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కాస్త చోటు చేయండి. చాలాసార్లు రెండోదే బాగా పనిచేస్తుంది.

నా పీక్ -1.2 చూపిస్తోంది, వాళ్లు ట్రూ పీక్ ఫెయిల్ అంటున్నారు.

మీరు చూసింది శాంపిల్ పీక్ అయి ఉంటుంది. రెండు శాంపిళ్ల మధ్య అసలు తరంగం ఇంకా పైకి లేవొచ్చు. ట్రూ పీక్ మీటర్ 48 కిలోహెర్ట్జ్ ధ్వనిని 4 రెట్లు ఓవర్‌శాంపుల్ చేసి ఆ మధ్య ఎత్తును పట్టుకుంటుంది. ప్రసారంలో ధ్వని డేటాను కుదించే కోడెక్ కూడా పీక్‌ను కొంచెం లేపుతుంది, ఆ జాగా కోసమే -1, -2 హద్దులు. లిమిటర్‌లో ట్రూ పీక్ మోడ్ ఆన్ చేసుకోండి, అయిపోతుంది.

## డౌన్‌మిక్స్, మెటాడేటా

చాలామంది వినేది స్టీరియోలోనే కదా. విడిగా స్టీరియో మిక్స్ చేయాలా?

టైమ్, డబ్బు ఉంటే చేయండి. లేకపోతే 5.1 మిక్స్ చేస్తూనే ఒక బటన్‌తో డౌన్‌మిక్స్‌కు మారుతూ ఉండండి, పని చివర్లో ఒకసారి వినడం చాలదు. మామూలు లెక్క ఇలా ఉంటుంది: లెఫ్ట్‌లోకి సెంటర్ 3 డీబీ తగ్గి, లెఫ్ట్ సరౌండ్ 3 డీబీ తగ్గి వచ్చి కలుస్తాయి. రైట్‌కూ అంతే. డాల్బీ డిజిటల్‌లో సెంటర్‌కు -3, -4.5, -6, సరౌండ్‌కు -3, -6, పూర్తిగా ఆపేయడం అనే ఎంపికలు ఉన్నాయి.

ఇందులో మీటర్ పరంగా ఆసక్తికరమైన సంగతి ఒకటుంది. సెంటర్‌లో మాత్రమే ఉన్న డైలాగ్ -3 ఎంపికతో డౌన్‌మిక్స్ అయితే దాని లౌడ్‌నెస్ 5.1లో ఎంతో స్టీరియోలోనూ అంతే. సరౌండ్‌లో మాత్రమే ఉన్న ధ్వని 4.5 డీబీ తగ్గుతుంది, 3 డౌన్‌మిక్స్ వల్ల, 1.5 మీటర్ బరువు పోవడం వల్ల. ముందు ఛానళ్లలో ఒకే రకంగా పరుచుకున్న మ్యూజిక్ మాత్రం పెరుగుతుంది. అందుకే 5.1 -23 వచ్చినా స్టీరియో -23 వస్తుందన్న గ్యారంటీ లేదు. రెండూ డెలివరీ చేస్తుంటే రెండింటినీ విడివిడిగా కొలవండి. సెంటర్‌కు -6 ఎంచుకుంటే డైలాగ్ 3 డీబీ మునిగిపోతుంది. పక్కా కారణం ఉంటే తప్ప అటు పోవద్దు.

డయల్‌నార్మ్ అన్నిటికీ -27 పెట్టేస్తే సరిపోదా?

మీ కంటెంట్ అంతా నిజంగా -27 దగ్గర ఉంటే సరిపోతుంది. లేకపోతే కాదు. డయల్‌నార్మ్ "ఈ కార్యక్రమంలో డైలాగ్ ఇంత మట్టంలో ఉంది" అని ధ్వనితో పాటే వెళ్లి ఇంటి దగ్గరి డీకోడర్‌కు చెప్పే అంకె (మెటాడేటా). డీకోడర్ దాన్ని నమ్మి ధ్వనిని తగ్గిస్తుంది, డైలాగ్ -31కు చేరేలా. -24 అని చెబితే 7 డీబీ, -27 అని చెబితే 4 డీబీ తగ్గిస్తుంది. -24 ఉన్న కార్యక్రమానికి -27 అని రాస్తే తగ్గాల్సినంత తగ్గక పక్క ఛానల్ కంటే 3 డీబీ గట్టిగా వస్తుంది. తేలికైన దారి: వచ్చే ప్రతి కార్యక్రమాన్నీ ఒకే మట్టానికి తెచ్చి, ఎన్‌కోడర్‌లో అదే అంకెను స్థిరంగా ఉంచడం.

డీఆర్‌సీ (గట్టి, మెల్లని ధ్వనుల మధ్య తేడాను తగ్గించే) ప్రొఫైల్ ఏది ఎంచుకోవాలి?

డ్రామాకు, సినిమాకు ఫిల్మ్ లైట్ లేదా ఫిల్మ్ స్టాండర్డ్, కచేరీకి మ్యూజిక్ లైట్. ఎంత నొక్కాలో ఎన్‌కోడర్ లెక్కకట్టి పంపుతుంది, నొక్కేది ఇంటి దగ్గరి డీకోడర్. ఈ లెక్క మొత్తం డయల్‌నార్మ్ చుట్టూ తిరుగుతుంది. డయల్‌నార్మ్ తప్పయితే మామూలు మాటలు కూడా ఊగిసలాడతాయి. డీకోడర్‌లోని ఆర్‌ఎఫ్ మోడ్‌లో ధ్వని 11 డీబీ పైకి లేస్తుంది కాబట్టి అక్కడ కంప్రెషన్ గట్టిగా ఉంటుంది, మిక్స్‌ను ఆ మోడ్‌లో కూడా ఒకసారి విని పంపండి.

## డెలివరీ

ఫైల్‌లో ఛానల్ ఆర్డర్ తప్పితే అంత నష్టమా?

చాలా. టీవీలో వాడే ఎస్‌ఎమ్‌పీటీఈ వరుస: లెఫ్ట్, రైట్, సెంటర్, ఎల్‌ఎఫ్‌ఈ, లెఫ్ట్ సరౌండ్, రైట్ సరౌండ్. సినిమా వరుస: లెఫ్ట్, సెంటర్, రైట్, లెఫ్ట్ సరౌండ్, రైట్ సరౌండ్, ఎల్‌ఎఫ్‌ఈ. సినిమా వరుసలో ఉన్న ఫైల్‌ను టీవీ వరుస అనుకుని చదివితే డైలాగ్ కుడి స్పీకర్లో మోగుతుంది, రైట్ ఛానల్ సెంటర్‌కు వస్తుంది. లెఫ్ట్ సరౌండ్ పోయి ఎల్‌ఎఫ్‌ఈలో పడి కొలతలోంచి, డౌన్‌మిక్స్‌లోంచి మాయమవుతుంది. ఎల్‌ఎఫ్‌ఈ బాస్ రైట్ సరౌండ్‌లో తేలి, 1.5 డీబీ అదనపు బరువుతో లెక్కలోకి వస్తుంది. అంటే లౌడ్‌నెస్ అంకె కూడా అబద్ధమే. ఫైల్ మొదట్లో ప్రతి ఛానల్ పేరూ పలికే ఐడెంట్ పెట్టండి.

-20.4 వచ్చింది, టార్గెట్ -23. మళ్లీ మిక్స్ చేయాలా?

అక్కర్లేదు, మొత్తాన్ని 2.6 డీబీ తగ్గించండి. పీక్ కూడా అంతే తగ్గుతుంది. తక్కువ వచ్చినప్పుడే కష్టం. -26.8 వచ్చి ట్రూ పీక్ -3 ఉంటే, 3.8 పెంచగానే పీక్ +0.8కు పోతుంది. అప్పుడు లిమిటర్ కావాలి, లేదా ఆ పీక్ ఇస్తున్న రెండు మూడు చోట్లను వెతికి చేత్తో దించాలి. చేత్తో దించితేనే బాగుంటుంది.

డాల్బీ ఈ (5.1ను ఒక స్టీరియో జతలో ఇమిడ్చే కోడింగ్) పెట్టాక లిప్‌సింక్ పోయింది.

డాల్బీ ఈ ఎన్‌కోడ్‌కు ఒక ఫ్రేమ్, డీకోడ్‌కు ఒక ఫ్రేమ్ ఆలస్యం తీసుకుంటుంది. సెకనుకు 25 ఫ్రేమ్‌లైతే మొత్తం 80 మిల్లీసెకన్లు. ఈబీయూ ఆర్37 ధ్వని 40 మిల్లీసెకన్లు ముందు, 60 మిల్లీసెకన్లు వెనక దాకానే ఒప్పుకుంటుంది. వీడియోను కూడా అంతే ఆపాలి, లేదా ధ్వనిని ముందుకు జరపాలి. డాల్బీ ఈ ఉన్న జతలో గెయిన్ మార్చినా, శాంపిల్ రేట్ మార్చినా అందులోని డేటా పాడైపోతుంది. అది మామూలు ధ్వనిలా స్పీకర్లోకి వెళితే చెవులు చిల్లులు పడే రొద వస్తుంది, మానిటర్ వాల్యూమ్ జాగ్రత్త.

## లైవ్‌లో

స్టేడియం మ్యాచ్‌లో క్రౌడ్ పెంచితే కామెంటరీ మునుగుతోంది, తగ్గిస్తే మ్యాచ్ చప్పగా ఉంది. ఏం చేయాలి?

ముందు కామెంటరీని టార్గెట్ దగ్గర నిలబెట్టండి, మిగతాది దాని చుట్టూ కట్టండి. క్రౌడ్ కోసం దూరం నుంచి తీసే విశాలమైన మైకులు లెఫ్ట్, రైట్, సరౌండ్‌లలో స్థిరంగా ఉండాలి. బంతి తన్నిన చప్పుడు తీసే మైదానం మైకులు ముందు ఛానళ్లలో మాత్రమే, ఆట ఎటు పోతే అటు ఫేడర్ తెరుస్తూ. కామెంటేటర్ మైకులోకి కూడా క్రౌడ్ దూరుతుందని మరవకండి. గోల్ పడ్డప్పుడు సెంటర్‌లో కూడా ఆ రొద పెరుగుతుంది, అప్పుడు క్రౌడ్ ఫేడర్ మీరు పైకి తోయాల్సిన పనే ఉండదు. కామెంటరీ వచ్చినప్పుడు క్రౌడ్‌ను 2, 3 డీబీ దించే డకింగ్ చాలు, అంతకు మించితే ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుంది.

5.1లో క్రౌడ్ మీ చుట్టూ ఉంటుంది, కామెంటరీ ఎదురుగా ఉంటుంది. వేర్వేరు దిక్కుల్లో ఉన్నాయి కాబట్టి చెవి సులువుగా విడదీస్తుంది. డౌన్‌మిక్స్‌లో అన్నీ వచ్చి అవే రెండు స్పీకర్లలో ఇరుక్కుంటాయి, ఆ సదుపాయం పోతుంది. అందుకే లైవ్ బ్యాలెన్స్‌ను నిర్ణయించాల్సింది స్టీరియోలో వింటూ.

మొదటి గంట -21 వచ్చేసింది. రెండో గంటలో సరిచేయాలంటే?

రెండు గంటల సగటు -23 రావాలంటే రెండో గంటను సుమారు -26.8 దగ్గర నడపాలి. అంటే మొదటి గంట కంటే దాదాపు 6 డీబీ తక్కువ. ఇంట్లో ప్రతివాడూ రిమోట్ అందుకుంటాడు. అంకె వెనక పరుగెత్తకండి, మెల్లగా టార్గెట్‌కు వచ్చి అక్కడే ఉండండి, రిపోర్ట్‌లో తేడా ఎందుకొచ్చిందో రాయండి. మొదటి పది నిమిషాల్లోనే మీటర్ మీద కన్నేస్తే ఇక్కడి దాకా రాదు.

5.1 కార్యక్రమం మధ్యలో స్టీరియో ప్రకటన వస్తే క్షణంపాటు శబ్దం పోతోంది.

ఇంటి రిసీవర్ 5.1 నుంచి 2.0కు మారే సమయం అది. స్టేషన్ ఎప్పుడూ 5.1గానే పంపాలి. స్టీరియో ప్రకటనను లెఫ్ట్ రైట్‌లో పెట్టి మిగతావి ఖాళీగా వదలొచ్చు, లేదా తేలికగా అప్‌మిక్స్ చేయొచ్చు.

ఛానల్‌వాళ్ల దగ్గర ఆటోమేటిక్ లౌడ్‌నెస్ ప్రాసెసర్ ఉంది కదా, మనం ఇంత కష్టపడాలా?

దానికి సీన్ తెలియదు. కథలో నిశ్శబ్దం వస్తే ఏసీ చప్పుడును పైకి లాగుతుంది, క్లైమాక్స్‌ను కిందికి నొక్కుతుంది. మీ ఫైల్ టార్గెట్‌లో ఉంటే అది చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. మీకు కావలసింది అదే.

## ఇంటి దగ్గర, ఇక ముందు

మా ఇంట్లోనే మాట తక్కువ, మ్యూజిక్ ఎక్కువ. సెట్టింగ్‌లో ఏం చూడాలి?

టీవీ స్పీకర్లు మాత్రమే ఉంటే సెట్‌టాప్ బాక్స్ ఆడియోను స్టీరియోకు మార్చండి. 5.1 స్పీకర్లు ఉంటే సెంటర్ అసలు మోగుతోందా అని చెవి దగ్గర పెట్టి చూడండి, వైర్ ఊడిపోయిన ఇళ్లు తక్కువేం కాదు. రాత్రిపూట నైట్ మోడ్ వాడుకోండి.

7.1కు, పైకప్పు స్పీకర్లకు, ఆబ్జెక్ట్ ఆడియోకు (ధ్వనులను విడివిడిగా పంపి ఇంటి దగ్గర కలిపే పద్ధతి) ఇదే కొలత పనిచేస్తుందా?

2015లో వచ్చిన బీఎస్.1770-4 ఎక్కువ ఛానళ్లకు దారి చూపింది. 1.5 డీబీ అదనపు బరువు ఛానల్ పేరును బట్టి కాకుండా స్థానాన్ని బట్టి ఇస్తారు: 60 నుంచి 120 డిగ్రీల మధ్య, చెవి ఎత్తుకు దగ్గరగా ఉన్న స్పీకర్లకే. 7.1లో పక్కనున్నవాటికి వస్తుంది, పూర్తిగా వెనకున్నవాటికి, పైకప్పువాటికి రాదు. దక్షిణ కొరియా 2017లో మొదలుపెట్టిన యూహెచ్‌డీ ప్రసారాల్లో ఎంపెగ్-హెచ్ అనే ఆడియో కోడెక్ వాడుతోంది, అమెరికాలో కొత్త తరం ఏటీఎస్‌సీ 3.0 ప్రసారాలకు ఏసీ-4 కోడెక్ ఉంది. రెండింటిలోనూ డైలాగ్‌ను విడి ఆబ్జెక్ట్‌గా పంపితే, దాన్ని పెంచుకునే వీలు ప్రేక్షకుడి రిమోట్‌కే ఇవ్వొచ్చు. అందుకోసం డైలాగ్ స్టెమ్ శుభ్రంగా ఉండాలి. మ్యూజిక్, ఎఫెక్ట్స్ అంటుకున్న డైలాగ్‌ను ఆర్కైవ్‌లో పెడుతున్నవాళ్లు ఇప్పటి నుంచే స్టెమ్‌లను విడివిడిగా దాచుకోవడం మొదలుపెట్టాలి.